లాల్‌దర్వాజా ఎడమ మలుపు

లాల్‌దర్వాజా,
హైదరాబాదు.
ఆదివారం, పొద్దున.

చిరంజీవి సాయిప్రియకు,

నీ బాపు నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మ, నేను, మన కారు ముగ్గురమూ క్షేమం. అలవాటుగా రాసే మాట కాదు తల్లీ ఇది, ముగ్గురం నిజంగానే క్షేమం. చెన్నై ఎండలో నువ్వు వేళకు తింటున్నావని, మంచినీళ్లు బాగా తాగుతున్నావని తలుస్తాను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా బాపూ అంటావు. ఫోన్‌లో నా చెవులకు సగం మాటలే అందుతాయి. అందుకని నేను గట్టిగా అరుస్తాను, అప్పుడు గల్లీ అంతా వింటుంది. ఈ సంగతి అరిచి చెప్పేది కాదు. పైగా నువ్వు రాసే జాబులంటే నాకు ప్రాణం. ఏడో తరగతితో బడి మానేసిన డ్రైవరుకు ఇంజనీరు బిడ్డ నాలుగు పేజీలు రాస్తుందంటే మాటలా? పోస్ట్‌మ్యాన్ కూడా కవరు నా చేతికిచ్చి, "మేడమ్ రాసిందా తాతా?" అని అడిగి పోతాడు.

నీ ప్రశ్నలు మూడు. పార్శిల్ అందిందా? అందింది. అమ్మ కారెక్కిందా? ఎక్కింది! ఆ మాట రాస్తుంటేనే నా చెయ్యి ఆగడం లేదు. ఎట్లా ఎక్కింది, ఎంతదూరం పోయింది, అన్నీ చెబుతాను. ఇక మూడో ప్రశ్న. "లెక్క ప్రకారం మన కారు అంతగా ఒరగకూడదు బాపూ, నా చిన్నప్పుడు అది ఎందుకట్లా ఒరిగేది?" అని అడిగావు. దానికి జవాబు ఉంది. కాస్త ధైర్యం తెచ్చుకున్నాక రాస్తాను.

ముందు పార్శిల్ ముచ్చట. గోనెసంచి విప్పగానే రెండు నల్లటి కమ్మీలు, బొటనవేలంత లావు. మలుపుల్లో కారును ఒరగనియ్యని ఈ కమ్మీలను నువ్వు స్వే బార్లు అంటావు, ఖాజా అడ్డరాడ్లు అంటాడు. జహనుమాలో మెకానిక్ షెడ్డున్న మన ఖాజాయే, నీకు చిన్నప్పుడు బేరింగుల్లోంచి గోలీలు తీసిచ్చినవాడు. మోకాళ్లు నొప్పులని ఇప్పుడు కార్ల కింది గుంతలోకి దిగడం తగ్గించాడు కానీ, నీ కమ్మీలు చూడగానే దిగాడు.

"అరె కైలాసం భాయ్, గింత మందమున్నది ఏందిది! బిటియా నీ డబ్బాకే చేయించిందా, లారీకి చేయించిందా?"

"నా డబ్బానేమన్న అన్నవనుకో, నీ షెడ్డుకు ఇగ రాను."

"ముప్పై ఏండ్ల సంది గదే అంటున్నవ్. ఒక్కసారన్న రాకుంట ఉండు భాయ్, నా పానం హాయిగుంటది."

ముందు చక్రాలకు లావు కమ్మీ, వెనక చక్రాలకు సన్నది బిగించాడు. వెనకదానికి చివర్న రెండేసి రంధ్రాలున్నాయి కదా, లోపలిదాంట్లో బిగిస్తే రేసుబండి అవుతుందని ఖాజాకు ఆశ పుట్టింది. నేను నీ ఉత్తరం చూపించి, "ఇంజనీరమ్మ బయటిదాంట్లనే పెట్టమన్నది. లోపలిదాంట్ల పెడితే మూలమలుపుల తోక జారుతదట" అన్నాను. "జీ సాబ్" అని సలాం కొట్టి, నువ్వు చెప్పినట్టే పెట్టాడు.

కానీ ఇంటికి వచ్చేదాకా గతుకు గతుకుకూ టక్, టక్. బిడ్డ అంత శ్రమపడి పంపితే మేం పాడుచేశామా అని రెండు రోజులు నిద్రలేదు. మూడోరోజు నీ ఉత్తరం మళ్లీ చదువుదామని తీస్తే, ఆఖరి కాగితం వెనకవైపు ఇంకో నాలుగు లైన్లున్నాయి! మేం కాగితం తిప్పనేలేదు. "చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించొద్దు, రబ్బర్లు మెలిపడతాయి. కారు బరువు చక్రాల మీద ఉండాలి. రోజూ కూర్చునేవాళ్లు కూర్చుని ఉంటే ఇంకా మంచిది" అని రాశావు. ఖాజాకు ఫోన్ చేస్తే తల పట్టుకున్నట్టున్నాడు, "రేపు పొద్దుగాల నేనే వస్త భాయ్" అన్నాడు.

తెల్లారి పానాల సంచి స్కూటరుకు తగిలించుకుని అతనే మన ఇంటికి వచ్చాడు. కారును వాకిట్లో నాలుగు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించాం. గల్లీ సగం మూసుకుపోయింది. వచ్చే బండి వచ్చే బండీ హారన్ కొడితే ఖాజా కారు కింద నుంచే, "ఆపరేషన్ నడుస్తుంది, అటు తిరిగి పో!" అని అరిచాడు.

రోజూ కూర్చునేవాళ్లు అన్నావు కదా. స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. మరి ఎడమపక్క?

నీకు తెలియంది కాదు, మీ అమ్మకు చెవిలో ఏదో దెబ్బతిని కళ్లు తిరిగే రోగం వచ్చి నాలుగేళ్లు. బస్సు, ఆటో, కారు, ఏది ఊగినా లోకమంతా గిర్రున తిరుగుతుందంటుంది. మన కారుకు ఊయల అని పేరు పెట్టింది తనే, ఆ ఊయలంటేనే భయపడిపోయింది. అమ్రాబాదులో మీ పెద్దమ్మ మోకాళ్లు పడిపోయి మంచం దిగలేకపోతోంది. తను పోలేదు, ఆమె రాలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ రోజూ ఫోన్‌లో ఏడుపు. "అక్కను చూడకుంటనే పోత గావచ్చు" అని మీ అమ్మ అన్నరోజే కదా నేను నీకు రాసింది, ఆ ఉత్తరానికే కదా నువ్వు ఈ కమ్మీలు చేయించింది.

"భాభీ, జర వచ్చి కూసోండి" అన్నాడు ఖాజా.

"నేనెక్క. నాకు కండ్లు తిరుగుతయి" అంది మీ అమ్మ గడపలోంచి.

"కదలని బండ్ల కండ్లెట్ల తిరుగుతయి భాభీ? తాళంచెవి మీ చేతులనే పెట్టుకోండి. కైలాసం భాయ్ మీద భరోసా లేకపోతే నా మీద పెట్టుండ్రి."

తాళంచెవిని గుప్పిట్లో బిగించుకుని వచ్చి కూర్చుంది తల్లీ. నాలుగేళ్ల తర్వాత! ఆ పొడుగు సీటు గుర్తుంది కదా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటే సీటు, గేరు కూడా స్టీరింగు పక్కనే. పత్తర్‌గట్టీ బట్టల సేటు కొత్తకారు కొనుక్కుని, పదేళ్లు నేనే నడిపిన ఈ కారును నా చేతిలో పెట్టిన రోజు మేమిద్దరం, మధ్యలో నువ్వు, అట్లాగే కూర్చున్నాం. డాష్‌బోర్డు మీద తను అంటించిన మహంకాళమ్మ పటాన్ని కొంగుతో తుడిచింది. కింద పానా కిరకిర చప్పుడు. అప్పుడు కిటికీలోంచి తల బయటకు పెట్టి అంది కదా:

"ఖాజా భాయ్, గీసారన్న రెండు దిక్కులు బిగియ్యి."

పానా ఆగిపోయింది. కింద నుంచి, "జీ భాభీ" అని మాత్రం వినిపించింది.

ఖాజా పని ముగించి కారును దిమ్మెల మీంచి దించాక, ఆమె ఏమీ ఎరగనట్టు తాళంచెవి నాకిచ్చి, "పెద్దరోడ్డు దాంక పోయి వద్దాం" అంది.

మన గల్లీ దాటి పెద్దరోడ్డు ఎక్కేచోట ఎడమ మలుపు. బిడ్డా, నేను ఎన్ని వేలసార్లు ఆ మలుపు తిప్పానో. ఆరోజూ తిప్పాను. కారు ఒరగలేదు! బల్లపరుపుగా, నీళ్లబిందె తొణకకుండా నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి తిరిగినట్టు తిరిగింది! మీ అమ్మ గుంజలాగా నిటారుగా కూర్చుంది. "ఒరగలే!" అంది. "ఏమయ్యా, ఒరగలే! ఇంకో మలుపు తిప్పు!" చిన్నపిల్లలాగా ఆ నవ్వు నువ్వు చూడాల్సింది. నా బిడ్డ చేసిన కమ్మీ అని రోడ్డు మీద పోయేవాళ్లందర్నీ ఆపి చెప్పాలనిపించింది. ఫలక్‌నుమా దాటాం, బార్కస్ పోయాం. అక్కడ బండి మీద జామకాయలు కొనుక్కుని తిన్నాం. ఉప్పుకారం పెదాలకు అంటుకుని ఉండగానే, "ఎల్లుండి అక్క దగ్గరికి పోదాం" అంది.

పోయాం! మొన్న శుక్రవారం. మన్ననూరు ఘాటు కింద ఆపి, "ఎట్లున్నది?" అని అడిగాను. "నువ్వు మాట్లాడకుంట నడుపు" అంది. చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ప్లాస్టిక్ సంచి. రెండో గేరులో ఎక్కించాను. మలుపు మలుపుకూ ఆమె మొహమే చూస్తుంటే, "తొవ్వ జూడు, నా మొఖమేం జూస్తవ్" అని కసిరింది. ఒకచోట కాస్త తల దిమ్మెక్కిందట, నిమ్మకాయ వాసన చూసి సర్దుకుంది. సంచి మడత విప్పలేదు.

మీ పెద్దమ్మ మంచం మీద నుంచే, "గిన్నేండ్లకు తొవ్వ కనవడ్డదానే నీకు?" అని తిట్టింది. "నువ్వు రాకపోతివా, పట్నమేమన్న పాకిస్తానా?" అని మీ అమ్మ తిట్టింది. తిట్టుకుని తిట్టుకుని, ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ కూర్చున్నారు. నేను బయట వేపచెట్టు కింద కారును కడుగుతూ వాళ్ల నవ్వులు విన్నాను. అంతకంటే ఏం కావాలి తల్లీ నాకు?

ఇక నీ మూడో ప్రశ్న.

నీకు ఆరేళ్లప్పుడు మీ అమ్మ తండ్రి, మీ తాత పోయాడు. ఆ రోజు నేను సేటుతో నాందేడులో ఉన్నాను. కబురు అందినా, పెళ్లి బట్టల బేరం మధ్యలో వదిలిపోతావా అన్నాడు సేటు. నేను ఎదురు మాట్లాడలేకపోయాను. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని రెండు బస్సులు మారి ఒక్కతే పోయింది, తండ్రి కడచూపు దక్కలేదు. తిరిగొచ్చాక రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కళ్లెత్తేది కాదు. ఆ ఏడాదే సేటు కారు నాకిచ్చాడు, ఆయన మనసులో ఏముందో మరి.

అప్పుడే ముందు కమ్మీని చక్రానికి కలిపే చిన్న రాడ్డు ఒకపక్క విరిగింది. ఖాజా విప్పి నా చేతిలో పెట్టి, "దీని జోడు వెతుకు భాయ్, ఒకదిక్కు ఊడితే అడ్డరాడ్డు ఉన్నా లేనట్టే" అన్నాడు. సరే అని వచ్చాను. మర్నాడు మీ అమ్మను గుడికి తీసుకుపోతూ ఆ ఎడమ మలుపు తిప్పితే, కారు కుడికి ఒరిగింది. ఒరిగితే, పొడుగు సీటు కదా, మీ అమ్మ జారి వచ్చి నా భుజానికి తగిలింది. రెండు నెలల తర్వాత బిడ్డా. వెంటనే సర్దుకుని కూర్చుంది. తర్వాతి మలుపులో మళ్లీ తగిలింది, ఈసారి కాస్త ఆలస్యంగా సర్దుకుంది. గుడి దగ్గర దిగేటప్పుడు, "జర మెల్లగ తిప్పరాదు?" అంది. అదే మొదటి మాట.

ఇంక ఆ రాడ్డు జోడు నేను వెతకలేదు. పానాల డబ్బాలో దాచేశాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏళ్లు గడిచిపోయాయి. మెల్లగా నడిపేవాణ్ణి, ఎడమ మలుపుల దగ్గర తప్ప.

ఒరిగిన ప్రతిసారీ వెనకసీట్లో నువ్వు కక్కుకునేదానివి. ఓసారి బొమ్మలు గీసే పోటీకి పోతుంటే తెల్లబట్టల మీద కక్కుకుని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చావు, పోటీ పోయింది. మిర్చిబజ్జీలు తిన్నందుకే అయిందని నేనే నిన్ను తిట్టాను. బజ్జీలది తప్పు కాదు తల్లీ, నాది. ఈ కారు ఎందుకు ఊగుతుందో కనిపెడతానని నువ్వు ఈ చదువు చదివావని రాశావు. ఆ లైను చదివి నేను గదిలో తలుపేసుకున్నాను. మీ బాపును క్షమించు. పెద్దవాణ్ణని మొహమాటపడకు, కోపముంటే రాయి.

తిరుగు ప్రయాణంలో ఘాటు దిగాక మీ అమ్మను అడిగాను, ఎప్పటి నుంచి తెలుసని.

"దసరకు పానాలకు బొట్లు పెట్టేది ఎవరు? నువ్వా? డబ్బల గా ముక్కేందని తొలి ఏడే ఖాజా భాయిని అడిగిన. పాపం, అబద్ధమాడరాదు ఆయనకు. ముప్పై దసరలు దానికి పసుపుకుంకుమ పెట్టిన నేను."

"మరి అడగకపోతివి?"

"ఏమని అడుగుత? నాకు గూడ అక్కెరుండె." గొంతు తగ్గించి మళ్లీ అంది. "పిల్ల కక్కుకుంటుంటే మాత్రం నోరు మూసుకున్న. నీది ఒక్కనిదే కాదు తప్పు. ఇద్దరిదని రాయి దానికి."

రాశాను. ఆ రాడ్డు ముక్కను కూడా ఈ ఉత్తరంతో గుడ్డలో చుట్టి పంపుతున్నాను. పోయిన దసరా కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. నీ లెక్కలో తేడా వచ్చింది దీనివల్లే, నీ లెక్క తప్పు కాదు.

ఆ మాటల తర్వాత డిండి దాటాం. కొలబద్ద పెట్టి గీసినట్టు రోడ్డు. సాయంత్రపు ఎండ. నీ కమ్మీలు కింద కిక్కురుమనకుండా పనిచేస్తున్నాయి. ఇంక ఏ మలుపులోనూ ఈ మనిషి నా మీదికి ఒరగదు కదా అని లోలోపల అనుకున్నాను, సంతోషంలోనే. అప్పుడు మీ అమ్మ నిమ్మకాయను డాష్‌బోర్డు మీద పెట్టి, సీటు మీద మెల్లగా ఇటు జరిగి, నా భుజానికి తల ఆనించింది.

"మలుపు లేదు గద" అన్నాను.

"కనవడ్తనే ఉన్నది. నువ్వు తొవ్వ జూడు" అంది.

ఇట్లు,
మూడో ప్రశ్నకు ముప్పై ఏళ్లు ఆలస్యంగా జవాబు రాసిన
నీ బాపు