చివరి అర వరుస

మార్చి పద్నాలుగు, శుక్రవారం
సాయంత్రం నాలుగున్నర

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమమే గానీ, నా కాళ్ళు నేల మీద మాత్రం లేవు. నువ్వూ వదినా బాగున్నారని తలుస్తాను. నాలుగేళ్ళ తర్వాత రాస్తున్న ఉత్తరం కదా, ముందు మీ ఆరోగ్యం, వదిన మోకాలి నొప్పి, అన్నీ తీరిగ్గా అడిగి తర్వాత నా సంగతి చెబుదామనుకున్నాను. నా వల్ల కావడం లేదు. అన్నయ్యా, నాకు మొదటి కుర్చీ వచ్చింది! మా వాద్యబృందంలో వయొలిన్లన్నిటికీ ముందు, కండక్టరమ్మ చేతికి అందేంత దూరంలో కూర్చునేది ఇకనుంచి నేనే!

పోటీ ఈ ఉదయమే జరిగింది. మొత్తం పదిహేడుమందిమి. హాలుకు అడ్డంగా నల్లటి తెర కట్టారు. వాయించేది ఆడో మగో చెప్పుల చప్పుడుతో తెలిసిపోకుండా నేలంతా తివాచీ పరిచారు. పేర్లు లేవు, అంకెలే. నేను పదకొండు. పాత బృందంలో మనిద్దరం ఒకే నోట్స్ స్టాండు ముందు కూర్చున్నది పదకొండేళ్ళు కదా, ఆ అంకె చూడగానే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే లోపలికి వెళ్ళాను.

ఇచ్చిన కాగితం చూద్దును కదా, మనం వందసార్లు వాయించిన ఆ సింఫనీలోని మొదటి భాగం! నువ్వు శ్రోతల వైపు కుర్చీలో, నేను లోపలి కుర్చీలో. లోపలి కుర్చీవాళ్ళే పేజీ తిప్పాలన్నది మన వృత్తిలో పద్ధతి. తిప్పాలంటే కమాను ఆపాలి. అంటే పదకొండేళ్ళూ ప్రతి పేజీలోనూ చివరి అర వరుస వాయించింది నువ్వు, విన్నది నేను. ఇక్కడికొచ్చాక ఆ అర వరుసలన్నీ ఏరి కూర్చుని సాధన చేశాను. ఒకసారి పక్కింటి దర్జీ గోడ తట్టి, ఏంటమ్మా, నీకు ఏ పాటా మొదటినుంచి రాదా అని అడిగాడు. 

ఇంత చేసినా చెయ్యి మాట వింటుందా? పోటీకని పేజీలన్నీ పక్కపక్కన అంటించి, తిప్పే పని లేకుండా ఒకటే పెద్ద కాగితం చేసిపెట్టారు. అయినా పాత పేజీ అయిపోయే చోటు రాగానే నా కమాను ఆగిపోయింది. చెయ్యి గాల్లోకి లేచి లేని పేజీని తిప్పబోయింది! హాలంతా నిశ్శబ్దం. అంతా అయిపోయిందనుకున్నాను. కానీ అన్నయ్యా, నా చెవిలో మాత్రం నిశ్శబ్దం లేదు. నువ్వు వాయిస్తున్నావు. చివరి స్వరాన్ని కాస్త సాగదీసి వదులుతావే, అది కూడా వినబడింది. అది ముగిసిన చోట సరిగ్గా అందుకుని, ఆఖరు దాకా ఒక్క ఊపులో వాయించేశాను.

బయటికి వచ్చి ఇక ఇంటికి పోదామని వయొలిన్ సర్దేసుకున్నాను కూడా. ఇంతలో పదకొండో నంబరును లోపలికి రమ్మన్నారు. తెర తీసేసి ఉంది. కండక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, లోపలి కుర్చీలో ఎన్నేళ్ళు కూర్చున్నావని అడిగింది. పదకొండని చెప్పగానే పకపకా నవ్వింది. తనూ వయసులో ఉండగా తొమ్మిదేళ్ళు పేజీలు తిప్పిందట! తడబడ్డవాళ్ళందరూ కంగారుపడి వేగం పెంచారనీ, నేనొక్కదాన్నే ఆగి కూడా తాళం తప్పలేదనీ, తాము వాయించనప్పుడు కూడా పక్కవాళ్ళను వినేవాళ్ళే ముందు కూర్చోవాలనీ చెప్పింది. ఆ ఖాళీలో నీ చెవిలో ఎవరు వాయిస్తున్నారని అడిగింది. మా అన్నయ్య అన్నాను. అనగానే ఏడుపొచ్చేసింది. మొదటి కుర్చీ మనిషి తొలిరోజే ముక్కు చీదుకోవడం బాగుండదని తనే చేతిరుమాలు ఇచ్చింది.

ఇక నాలుగేళ్ళ కిందటి మన గొడవ సంగతి. ఆ రోజు విరామంలో, అందరూ కాఫీ కప్పులు పట్టుకుని చూస్తుండగా నిన్ను కడిగేశాను. నా చేత జీవితమంతా పేజీలు తిప్పించావనీ, కుర్చీ మారదామని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదనీ అరిచాను. నువ్వు తల వంచుకుని కమాను మర వదులు చేసుకుంటూ నిలబడ్డావు. నీకు నోరు విప్పడం ఎప్పుడూ కష్టమే. రిహార్సల్లో నాకేం చెప్పాలన్నా నోట్స్ అంచున పెన్సిల్‌తో రాసేవాడివి. కండక్టరుకు ఆకలేస్తోంది చూడు అని నువ్వు రాస్తే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. ఆ వారమే ఆ ఊరు విడిచి వచ్చేశాను.

నా మొదటి కచేరీ ఈ నెల ముప్పయ్యో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి. అదే సింఫనీ! నీకూ వదినకూ టికెట్లు పెడుతున్నాను. మూడో వరుస, మధ్యలో. పేజీ చివర నా చెయ్యి పైకి లేస్తే మాత్రం నవ్వకు.

వదినకు నమస్కారాలు.

ఇంకా కుర్చీ మారడం అలవాటు కాని
నీ చెల్లెలు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఇది రాయకుండా పంపితే మొదటి కుర్చీలో కూర్చునే మొహం నాకు ఉండదు. నువ్వు అడిగావు అన్నయ్యా. మూడుసార్లు అడిగావు. పేజీ అంచున, ఈసారి నువ్వు ఇటు కూర్చో అని రాశావు. మూడుసార్లూ చూశాను. ఆ అర వరుస దగ్గర సగంమంది పేజీ తిప్పుతుంటారు కదా, వాయించేవాళ్ళ తప్పు విడిగా వినబడుతుంది. నాకు భయం. అందుకే మూడుసార్లూ రబ్బరుతో నేనే చెరిపేశాను. నోట్స్ కాగితాలు భద్రపరుస్తూ వాటి మీది పాత రాతలు చెరిపే లైబ్రేరియనే దాన్నీ చెరిపి ఉంటాడని నువ్వు అనుకున్నావని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. నీకు అప్పుడే తెలుసు, కదూ? తెలిసి కూడా ఆ రోజు అందరి ముందు, రాశాను కదా అని ఒక్క మాట అనలేదు. నీ టికెట్టు వెనక పెన్సిల్‌తో, ఈసారి నువ్వు ఇటు రా అని రాశాను. కవర్లో రబ్బరు కూడా పెడుతున్నాను. రావాలని లేకపోతే చెరిపెయ్యి.