గంప అడుగున కవరు

2016, కార్తీకం, శుక్రవారం.

ఆపరేషనయి పన్నెండు రోజులు. దగ్గితే ఉచ్చ పడిపోకుండా లోపల చిన్న పట్టీ ఏసినారు. “ఆరు వారాలు బరువులెత్తకు, పట్టీ జారిపోతుంది” అని డాక్టరమ్మ మరీ మరీ సెప్పింది. ఇంట్లో మాత్రం కడుపునొప్పికని సెప్పాను. నా నోరు పడిపోను! ఉచ్చ మాట అత్త ముందు ఎలాగంటాను?

పొద్దున్న తెప్పలకి సేప బాగా పడ్డాది. అత్త గంప తెచ్చి ముందరెట్టింది.

“కోత కనబడదు, కుట్టు కనబడదు. ఏటే నీ ఆపరేషను? లెగు.”

పెద్ద కోతయినా బాగుణ్ణు, సూపించుకునేదాన్ని. అత్తే గంప నా తలకెత్తింది.

సేపల నీళ్ళు ఒంటి మీద కారకుండా అందరూ గంప అడుగున కవరేసుకుంటారు. పదేళ్ళుగా నేను ఎయ్యలేదు. సీరంతా ఆ నీళ్ళతో తడిస్తే నా తడి ఎవరికీ తెలీదని. ఇంక ఆ బాధ లేదు కదా అని ఇయ్యాలే మొదటిసారి కొత్త కవరేసాను.

ఇసక దిబ్బ ఎక్కుతంటే దగ్గొచ్చింది. కాళ్ళెంట ఎచ్చగా కారిపోయింది. డాక్టరమ్మకి ఏటని సెప్పను...

రోడ్డు మీదకి రాకముందే గంప గోడ మీద దించి, ఆ కవరుని గోళ్ళతో సింపేసాను.