గంజనుకుని ఉతికిన క్యాన్వాసు

జూన్ 2, సోమవారం

ఇవాళ్టి నుంచి నేను చిత్రకారిణిని!

నవ్వేవాళ్ళు నవ్వనీ. ఈ శనివారం కాక పై శనివారం అక్క రిటైర్మెంటు. బడిలో డ్రాయింగ్ టీచరమ్మ. మూడు నెలల కిందట నలుగురిలో నా గురించి "దానికి కత్తెర తప్ప ఇంకేం తెలుసు?" అనేసింది. అప్పటి నుంచి మాటల్లేవు. తను ఫోన్ చేయదు, నేనసలే చేయను. కానీ రోజూ మిషన్ తొక్కుతూ మనసులో తనతోనే పోట్లాడుతున్నాను. ఇక నా వల్ల కాదు.

అందుకే నిర్ణయం: నా చేత్తో అక్క బొమ్మ వేసి, సభలో అందరి ముందూ తన చేతిలో పెడతాను. బొమ్మ లేకపోతే గడప దాటను. ఒట్టు!

మావారితో చెప్పాను. "నీకు బొమ్మలెప్పుడు వచ్చాయి?" అన్నారు. ఇంకా అన్నం వడ్డించలేదని గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

జూన్ 3, మంగళవారం

రంగుల కొట్టు! ఎంత బాగుందో!

కొన్నవి: రంగుల ట్యూబులు. రంగులు కలుపుకునే పళ్ళెం. కుంచెలు. ఒక టోపీ (చిత్రకారులు పెట్టుకుంటారు కదా).

కుంచెలు పొట్లం కడుతూ కొట్టాయన "వేడినీళ్ళలో మాత్రం పెట్టకండమ్మా, వెంట్రుకలు ఊడిపోతాయి" అన్నాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు!

ఇక క్యాన్వాసులు. "గుడ్డ సంగతి నాకు చెప్పకండి" అని ముందే అనేశాను. ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. వెనక్కి తిప్పి నేత చూశాను. ఒకదానికి మూల మడత ఉబ్బు. ఒకదానికి పోగు వంకర. ఒకటి వేలితో కొడితే డప్పులా మోగాల్సింది పోయి చప్పగా ఉంది. ఇంకోదాని అంచున దారం కనిపిస్తే లాగాను. వచ్చింది. ఇంకా లాగాను. ఇంకా వచ్చింది.

"అమ్మా, అది అమ్ముకునే సరుకమ్మా!" అని కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

ఏదీ నచ్చలేదు.

జూన్ 5, గురువారం

దొరికింది! సన్ననేత. ముఖాలకి అదే మంచిదట. పోగు తిన్నగా ఉంది, చెక్క చట్రం వంకర లేదు. కొడితే ఢమ్మని మోగింది.

"తెల్లపూత వేసే ఉందమ్మా, నేరుగా రంగు వేసుకోవడమే" అన్నాడు. పూతంటే గంజేగా. నా దగ్గరా!

జూన్ 9, సోమవారం

బొమ్మ మొదలుపెట్టలేదు. కారణాలున్నాయి. స్కూలు యూనిఫారాలు కుప్పలుగా పడి ఉన్నాయి. పొద్దుట్నుంచీ మబ్బు, వెలుతురు లేదు. పైగా టోపీ బిగుతు. కుట్లు విప్పి, వదులు చేసి, మళ్ళీ కుట్టాను. టోపీ మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

అక్క ముక్కు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటుంటే ఏడుపొచ్చింది. మూడు నెలలు! మొండిఘటం. నేను కాదు, తను.

జూన్ 12, గురువారం

ఇక ఆగేది లేదు. అయితే కొత్తగుడ్డ తడపకుండా పని మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. తర్వాత కుంచించుకుపోతే అక్క మొహం ఏం కాను? చెక్కకున్న పిన్నులన్నీ పీకి గుడ్డని బకెట్లో నానబెట్టాను. గంజి బాగా వదలాలని సబ్బుపొడి కూడా వేశాను.

జూన్ 13, శుక్రవారం

కొంప మునిగింది!!

తెల్లపూత పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇస్త్రీ చేస్తే చక్కబడుతుందేమో అనుకున్నాను. మిగిలిన పూత ఇస్త్రీపెట్టెకి అంటుకుంది. ఇల్లంతా మాడు కంపు. మావారు వచ్చి చూసి "బానే ఉంది, ఈ మధ్య అందరూ ఇలాగే వేస్తున్నారు" అన్నారు. నేను చూసిన చూపుకి పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

కొట్టుకి ఫోన్ చేశాను. పూతంతా ఊడిందని చెప్పాను. ఆయన మెల్లగా "ఉతికారా?" అన్నాడు. పెట్టేశాను.

ఇంకో క్యాన్వాసు తెచ్చుకోవచ్చు. కానీ నిజం చెప్పాలంటే నాకు ముక్కు గీయడం రాదు.

రేపు వెళ్ళను. ఒట్టంటే ఒట్టే.

జూన్ 14, శనివారం

వెళ్ళాను.

పొద్దున చేతులు ఊరుకోలేదు. ఆ పాడైన గుడ్డనే కత్తిరించి కుంచెల సంచి కుట్టాను. కుంచెకో అర, చుట్టి కట్టుకోవడానికి నాడా. టోపీ పెట్టుకుని వెళ్ళి సభలో చివరి వరసలో కూర్చున్నాను. అంతా అయ్యాక అక్కే నా దగ్గరికి వచ్చింది. సంచి చేతిలో పెట్టాను.

"ఇదేం గుడ్డే? క్యాన్వాసులా ఉంది?"

"క్యాన్వాసే."

"మరి దీని పూతేదీ?"

"గంజనుకున్నాను. ఉతికేశాను."

అక్క నన్ను చూసింది. టోపీ చూసింది. కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. హెడ్మాస్టరు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకుంటూ ఏడ్చాం.

"నేనా మాట అనకుండా ఉండాల్సిందే" అంది.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను.

తన బొమ్మ వేయబోయాననీ, ముక్కు గీయడం రాలేదనీ చెప్పేశాను. తను ఎప్పట్నుంచో వాడుతున్న కుంచె హ్యాండ్‌బ్యాగులోంచి తీసి నాకిచ్చింది. "రేపు కాక పై ఆదివారం ఇంటికి రా. ముక్కు గీయడం నేర్పుతాను."

జూన్ 15, ఆదివారం

మళ్ళీ మొదలు! ఈసారి పద్ధతిగా. రేపే కొత్త క్యాన్వాసు కొంటాను. ఉతకను. వారం తిరిగేసరికి అక్క దగ్గర మొదటి పాఠం.

అక్క కుంచె ఎండిన రంగుతో గట్టిపడి ఉంది. అంత ప్రేమగా ఇచ్చిన వస్తువుని శుభ్రంగా ఉంచుకోవద్దూ? గిన్నెలో సలసల కాగే నీళ్ళు పోసి అందులో పెట్టాను.

కొట్టాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. వెంట్రుకలన్నీ గిన్నెలో తేలుతున్నాయి.

అక్కకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా, తిట్టకుండా వింటావా?"

"చెప్పు" అంది. "ఈసారి ఏం ఉతికావు?"