మిల్లు గేటు దగ్గర తల్లి

ప్రియమైన అక్కకు,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా తీయడం లేదు. సరే, కాగితం మీదే నిన్ను పట్టుకుంటాను.

సినిమా ఖాయమైంది. నువ్వు ఏళ్ల తరబడి స్టేజీ మీద ఆడిన ఆ పాత విషాద నాటకమే. శత్రువులు కోటను చుట్టుముడతారు, కన్నకొడుకు వచ్చి తలుపు కొడతాడు, తెరిస్తే వాడి వెనకే సైన్యం జొరబడుతుందని తల్లి తెరవదు. కోట వేసే స్తోమత నాకెక్కడిది? నది పక్కన మూతపడ్డ నూలు మిల్లు ఒకటి దొరికింది. సైన్యానికి బదులు అంటురోగం పెట్టాను. రోగానికైతే బట్టలు కుట్టించనక్కర్లేదు కదా. ఊరిజనం మిల్లులో తలదాచుకుంటారు. తాళంచెవి తల్లి దగ్గర ఉంటుంది. రోగం అంటిన కొడుకు గేటు అవతల ఉంటాడు. పొద్దున్నే నది మీది పొగమంచు పగిలిన అద్దాల్లోంచి లోపలికి వస్తుంది. పాత దూది నలకలు ఇంకా గాల్లో తేలుతున్నాయి. నేనేమీ చేయకుండానే సగం సినిమా అక్కడ సిద్ధంగా ఉంది.

మిగతా సగం నువ్వు. తల్లి వేషానికి ఇంకెవరినీ అనుకోలేదు. గేటు దగ్గర తల్లి శోకాన్ని మాత్రం నాలుగు మాటలకు కుదించాను. కొట్టకు.

బావను అడిగానని చెప్పు.
నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం బావ చదివి వినిపించబోతే లాక్కుని నేనే చదువుకున్నాను. చాలా సంతోషం. వేషం మాత్రం వేయను. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. పైగా నాది ఆఖరి వరుస దాకా వినబడాల్సిన నటన. కెమెరా ముందు పొలికేకలా ఉంటుంది. మీ బృందంలో నోరు మూతపడని అమ్మాయి ఒకతె ఉందన్నావుగా, గలగల అని పిలుస్తారన్నావు, ఆమెకిచ్చి చూడు.

శోకాన్ని కుదించడానికి నీకు మనసెలా ఒప్పిందిరా? జనం టిక్కెట్టు కొన్నదే దానికోసం. మొత్తం ఉంచు.

ఈమధ్య ఫోనంటే విసుగొచ్చింది. ఉత్తరాలే రాయి. వేళకు తిను.

ప్రేమతో,
అక్క

ప్రియమైన అక్కా,

నీ మాట విని గలగలకే వేషమిచ్చాను, శోకం మొత్తం ఉంచాను. పాపం, ప్రాణం పెట్టి చేస్తోంది. కానీ ఆ ఖాళీ షెడ్డులో ప్రతి మాటా తిరిగొచ్చి చెవిలో పడుతోంది. కొడుకు పోతున్న తల్లిలా లేదు, రైల్వే స్టేషన్లో ప్రకటనలా ఉంది. తనకూ ఆ సంగతి తెలిసి, ఓ మూల కూర్చుని ఏడ్చింది.

అది అలా ఉంచు. మీ ఇంటి నంబరుకు ఫోన్ చేస్తే బావ తీసి, స్నానం చేస్తోందన్నాడు. మరోసారి చేసినా స్నానమే. ఇన్ని స్నానాలు చేస్తే కరిగిపోతావు. బావకు అబద్ధం ఆడటం చేతకాదక్కా. వెనక ఎవరో దగ్గడం వినిపించింది. అది నీ దగ్గులా లేదు.

నా మీద కోపమైతే తిట్టు. ఇంకేమైనా అయితే చెప్పు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

ఆ దగ్గు నాదే.

గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. గడ్డ పూర్తిగా పోయిందన్నారు, కాబట్టి ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం లేదు. మెడ కింద చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అందులోంచే. చెబితే నువ్వు సినిమా ఆపేసి వచ్చి నా మంచం పక్కన చతికిలబడతావని బావ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆయన్ను ఏమీ అనకు.

ఆపరేషన్‌కు ముందు, ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ఈరోజే మాట్లాడుకోమన్నాడు డాక్టరు. బావ నీకు ఫోన్ కలిపి ఇచ్చాడు. నువ్వు లొకేషన్ల కోసం తిరుగుతూ ఏదో బస్సులో ఉన్నావు. "తిన్నావా?" అని అడిగాను. తిన్నానన్నావు. నాకది చాలనిపించింది.

ఇక ఏడవకుండా పని చూసుకో.
అక్క

ప్రియమైన అక్కా,

మిల్లు మెట్ల మీద కూర్చుని నీ ఉత్తరం చదివాను. షూటింగ్ ఆపేసి అందరినీ పంపించేశాను.

ఒకటే తోస్తోంది. కథలో తల్లిని మొదటి నుంచీ మూగదాన్ని చేస్తాను. గలగల తనంతట తానే తప్పుకుంది. ఆ వేషం నువ్వే వేయాలి. కాదనకు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

మూగ తల్లి వద్దు. మాట రాని మనిషి మాట్లాడకపోతే అందులో ఏముంది? ఈమె మాట్లాడగలదు. "వస్తున్నాను నాన్నా" అని ఒక్క మాట బయటికొస్తే చాలు, తాళం తీయకుండా ఆగలేదు. అది తెలిసే నోరు నొక్కుకుంటుంది. ఉత్తరంలో నీతో పోట్లాడాను గానీ, శోకం గురించి ఆలోచిస్తే నువ్వూ తప్పే, నేనూ తప్పే. దాన్ని కుదించొద్దు, ఉంచొద్దు. మొత్తం తీసెయ్.

కానీ అంతకుముందు ఆమె చేత బాగా మాట్లాడించు. కసరాలి, నవ్వించాలి, అందరి మీదా పెత్తనం చేయాలి. నేను పెదాలు కదుపుతాను, గొంతు గలగల ఇస్తుంది. ఒకప్పుడు ఎంతమంది హీరోయిన్లకు నేను డబ్బింగ్ చెప్పలేదు? ఇప్పుడు ఒకరు నాకు చెబుతారు. శాలువా మెడ దాకా కప్పుకుంటాను.

బావ పెట్టె సర్దుతున్నాడు. నువ్వు జాలి చూపించావో, వచ్చిన బస్సులోనే వెనక్కి పోతాను.

అక్క

ప్రియమైన తమ్ముడూ,

మొదటి ఆట రోజు నువ్వు భయంతో హాలు బయటే తిరిగావని బావ చెప్పాడు. అందుకే లోపల జరిగింది రాస్తున్నాను.

నాకు భయం గేటు సీను గురించి కాదు. దాన్ని ఆ మంచులో, తాళంచెవి పిడికిట్లో బిగించి చేసినప్పుడే అది పండిందని తెలుసు. నువ్వు కట్ చెప్పడం మర్చిపోయావు, గలగల వచ్చి నా పిడికిలి విప్పింది. నా భయమంతా మొదటి సీను గురించే. తెర మీద నా నోరు తెరుచుకుంది, ఆ పిల్ల గొంతు వచ్చింది. బావ నా చేయి పట్టుకున్నాడు. కాసేపు ప్రతి మాటకూ, ఇది నాది కాదు, ఇది నాది కాదు అనుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఎప్పుడు మర్చిపోయానో తెలియదు. తెర మీద ఆమె వంటవాణ్ణి కసురుతుంటే అందరితో పాటు నేనూ నవ్వాను.

గేటు సీనులో హాల్లో ఎవరూ కదల్లేదు.

ఆట అయ్యాక నా పక్కన కూర్చున్నామె నన్ను గుర్తుపట్టి చేతులు పట్టుకుంది. "అంత చక్కని గొంతు పెట్టుకుని, చివర్లో ఆ బిడ్డతో ఒక్క మాటైనా అనలేదేంటమ్మా" అంది. ఆమె కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. బావ ఏదో చెప్పబోయాడు. నేను ఆయన మోచేయి నొక్కి ఆపాను. ఆమె నా చేతులు మరోసారి నిమిరి, ఆ గొంతు నాదేననుకుంటూ ఇంటికి వెళ్లింది.

తర్వాత తీసే సినిమాలో గయ్యాళి వేషం ఉంటే నాకే ఇవ్వు. మాటలు బాగా ఎక్కువ రాయి.

ప్రేమతో,
అక్క