పట్టాభిషేకం లేని పురాణం

తెలుక్ ఆన్సన్ దగ్గరి తోట,
5 మార్చి 1934

చిరంజీవి పీటర్‌కి,

మీ బావ సుందరరాజు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అక్క కాథరిన్ కుశలం. అక్కడ నువ్వూ, నీ రైళ్లూ కుశలమని తలుస్తాను.

తోట బడికి పుస్తకాలు లేవు, ఏవో ఒకటి పంపరా బాబూ అని రాసినందుకు నువ్వు పంపిన పెట్టె అందింది. తెరిచి చూస్తే అన్నీ అమెరికా చరిత్రలే! తన దేశం వెళ్లిపోతున్న మిషను దొరసాని వదిలేసినవన్నావు. పిల్లల కోసం అచ్చువేసినవట, బొమ్మలు బాగున్నాయి. రబ్బరు తోట పిల్లలకి అమెరికా గొడవ ఎందుకండీ అంది మీ అక్క. చరిత్ర ఎవరిదైనా చరిత్రే అన్నాను. ఏం చెప్పాలో తోచనప్పుడు నేను ఇలాంటి గొప్ప మాటలే అంటాను.

పిల్లలకి చెబుతుంటే పెద్దవాళ్లు కిటికీ దగ్గర మూగారు. ఆదివారం సాయంత్రం మీకూ చెబుతాను రండి అని నోరు జారాను. నిన్న చూద్దును కదా, కూలీ లైన్ల ఇళ్లలో ఉన్న జనమంతా తలంట్లు పోసుకుని వచ్చారు. రబ్బరు పాలు తీసే ఆడవాళ్లలో ఎర్రమ్మ అని ఒకావిడ ఉంది, ఆవిడ మాట్లాడితే పక్క తోటకి వినిపిస్తుంది. ఆవిడ వచ్చీ రాగానే పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ముసలి కూర్మయ్య కొబ్బరికాయ కొట్టేశాడు. ఇది పురాణం కాదయ్యా, పైగా నేను క్రైస్తవుణ్ని అని చెప్పేలోపు నా చేతిలో చిప్ప పెట్టారు. తిన్నాను.

ఇట్లు,
మీ బావ
సుందరరాజు

తా.క.: కొబ్బరి బాగుంది. మీ పాస్టరుగారికి మాత్రం చెప్పకు.

•

బ్రిక్‌ఫీల్డ్స్,
9 మార్చి 1934

ప్రభువునందు ప్రియమైన బావగారికి,

పీటర్ నమస్కరించి వ్రాయునది. మీ ఉత్తరం వచ్చేసరికి పాస్టరుగారు మా ఇంట్లో టీ తాగుతున్నారు. బావగారి ఉత్తరాలు సరదాగా ఉంటాయని పైకి చదివి వినిపించాను. తా.క. దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తోటలో మీరు అమెరికాకి గుడి కట్టారని ఆయన గట్టిగా నమ్ముతున్నారు. నేనెంత చెప్పినా, పసుపు ఎందుకు రాశారు మరి అంటారు.

బావా, ఆ పుస్తకంలో ఒకచోట ఇంగ్లండు రాజుగారి ప్రస్తావన వస్తుంది. కాస్త ముందుగా చదువుకుని చెప్పండి. అక్కని అడిగానని చెప్పండి.

మీ విధేయుడు,
పీటర్

తా.క.: ఇకమీదట తా.క.లు ఉత్తరం మొదట్లోనే రాయండి.

•

తెలుక్ ఆన్సన్ దగ్గరి తోట,
19 మార్చి 1934

తా.క.: ఇది పైకి చదవకు.

చిరంజీవి పీటర్‌కి,

నీ హెచ్చరిక చాలా మంచిది. నేను పాటించి ఉంటే ఇంకా మంచిదయ్యేది. ముందుగా చదువుకోవడం నా వల్ల కాదురా. జనం ఎదురుగా ఉంటేనే నాకు ఉత్సాహం.

మొదట ఓడ ఘట్టం చెప్పాను. తిండిలేక, సొంత దేశంలో నిలువ నీడ లేక, ఆడా మగా ఓడెక్కి సముద్రం దాటి వచ్చారన్నాను. కూర్మయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. "మాం కూడా అలగే వచ్చినాం బాబూ. ఓడ దిగినాక కూడా నాకు వారం రోజులు నేల ఊగినాది" అన్నాడు. ఇంక చూసుకో, అప్పటినుంచి అమెరికావాళ్లంతా శ్రీకాకుళం వాళ్లైపోయారు. పన్ను కట్టం పొమ్మని టీ పెట్టెలు సముద్రంలో పారేసిన ఘట్టానికి ఎర్రమ్మ లేచి నిలబడి, "బాగా సేసినారు!" అని అరిచింది.

ఆ ఊపులో నేను పేజీ తిప్పాను. తిప్పి, రాజుగారి మాట మాకొద్దని వాళ్లు తెగేసి చెప్పారు అనేశాను. ఏ రాజండీ అని ఎవరో అడిగారు. ఇంగ్లండు రాజు అన్నాను. బడిలో ఉన్న జనమంతా ఒక్కసారి తలలు తిప్పి, నా నెత్తిమీద గోడకి వేలాడుతున్న రాజుగారి పటం వంక చూశారు. ఈయన కాదు, ఈయన నాయనమ్మగారికి తాత అన్నాను. దాంతో సంగతి ఇంకా చెడింది.

వెనక బెంచీ మీద తోట ఆఫీసు కిరాణి గోపాలకృష్ణ కూర్చుని ఉన్నాడు. దొర ఉత్తరాలు రాసేదీ, దొర చెవిలో ఊదేదీ అతనే. నవ్వాడు.

ఇప్పుడు అసలు చిక్కు. "ఏటి మేష్టారూ, రాజుని తోలేసినాక మరి పట్టాభిషేకం ఎవులికి?" అని ఎర్రమ్మ నిలదీసింది. కొబ్బరికాయ కొట్టి మొదలెట్టిన పురాణం పట్టాభిషేకం లేకుండా ఆపితే తోటకి కీడట. వచ్చే ఆదివారంలోగా చెప్పాలి. పుస్తకం చివరిదాకా వెతికాను, కిరీటం బొమ్మ ఒక్కటీ లేదు. రెండో భాగం ఏమైనా ఉందా? వెంటనే రాయి.

మీ బావ
సుందరరాజు

•

బ్రిక్‌ఫీల్డ్స్,
22 మార్చి 1934

బావగారికి,

ఎంత పని చేశారు! రెండో భాగం లేదు. వాళ్లకి రాజే లేడు. నాలుగేళ్లకొకసారి జనం చీట్లు వేసి ఒక పెద్దను ఎంచుకుంటారు. అది కూడా ఆ పుస్తకంలోనే ఉంది, బొమ్మ లేని పేజీలో.

మీరు రాజుగారిని దించేశారని పైవాళ్లకి తెలిస్తే బడి మూస్తారు. మీ బావమరిదినని నా రైల్వే ఉద్యోగం కూడా ఊడుతుంది. మీకు దణ్ణం పెడతాను, ఎవరో ఒకరికి ఆ పట్టాభిషేకం చేసేసి పురాణం ముగించండి.

పీటర్

తా.క.: ఇది పాస్టరుగారి సలహా. ఎవరో ఒకరికి అన్నది నేను కలిపాను.

•

తెలుక్ ఆన్సన్ దగ్గరి తోట,
28 మార్చి 1934

చిరంజీవి పీటర్‌కి,

నీ సలహా తు.చ. తప్పకుండా పాటించాను. అందుకే మీ అక్క పెట్టె సర్దుతోంది.

రాజు లేడు, జనమే పెద్దను ఎంచుకుంటారని ఆదివారం చెప్పాను. తర్వాత, "అయితే మనమే ఎంచుకుందాం, ఆలికే పట్టాభిషేకం సేద్దాం" అన్నాడు కూర్మయ్య. రబ్బరు పాలు పట్టే కప్పులు మూడు పెట్టారు: నాకు, కూర్మయ్యకి, ఎర్రమ్మకి. తలా ఒక రబ్బరు గింజ వెయ్యాలి. జోళ్లు తొడిగేవాణ్ని ఆ ముగ్గురిలో నేనొక్కణ్నే కదా, ఇంకెవరు గెలుస్తారు? కృతజ్ఞతలు చెప్పడానికి నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఎర్రమ్మ కప్పు పొర్లిపోయింది. నా కప్పులో ఒకే గింజ ఉంది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. నేను వేసుకున్నదే. మీ అక్కది ఏ కప్పులో పడిందో అడగలేదు, అడిగితే చెబుతుంది.

అది అలా ఉంచు. తోటలో కొత్త రాజుకి పట్టం కడుతున్నారని కిరాణి వెళ్లి దొర చెవిలో ఊదాడు. వచ్చే ఆదివారం దొరే స్వయంగా వస్తాడట. మాట నిజమైతే బడికి తాళం, మాకు రైలు. ఈ బడి పోతే ఈ పిల్లలకి అక్షరం చెప్పేవాడు ఇంకొకడు రాడు, పీటర్. నేను ఎందుకూ పనికిరానివాణ్నే, కానీ వీళ్లకున్నది నేనొక్కణ్నే.

లైన్లవాళ్లంతా వచ్చి, ఇంగ్లీషు రానట్టు నటించు మేష్టారూ అని బతిమాలారు. ఎర్రమ్మయితే, "దొర సదవమంటే అన్నీ తప్పులే సదువు, బడి నిలబడతాది" అంది. ఆలోచిస్తాను అన్నాను. కానీ ఆ పుస్తకంలో మనుషులు తలపోయినా మాట తప్పలేదురా. అది నోరారా చెప్పినవాణ్ని, నేను తెలివితక్కువవాడిలా నటించాలా?

మీ బావ
సుందరరాజు

తా.క.: మీ ఇంట్లో ఇద్దరికి చోటుందా?

•

బ్రిక్‌ఫీల్డ్స్,
30 మార్చి 1934

బావా,

చోటుంది. కానీ మీకిప్పుడు ధైర్యం ఎందుకు బావా? తప్పులు చదవండి. ఎర్రమ్మ చెప్పినట్టు వినండి.

పీటర్

తా.క.: పాస్టరుగారు మీ కోసం ప్రార్థన చేశారు. ఎర్రమ్మ కోసం కూడా చేశారు. ఆయన ఆశ ఆవిడమీదే.

•

తెలుక్ ఆన్సన్ దగ్గరి తోట,
2 ఏప్రిల్ 1934

చిరంజీవి పీటర్‌కి,

బడి ఉంది. నేనూ ఉన్నాను. మీ అక్క పెట్టె విప్పేసింది.

దొర వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. మెడలో బంతిపూల దండతో ఎర్రమ్మ ఎదురుగా నిలబడింది. ఇదెవరు అని అరవంలో అడిగాడు. తనకొచ్చిన అరవంలో ఆవిడ జంకూ గొంకూ లేకుండా చెప్పింది, పెద్దగా నన్ను ఎంచుకున్నారని. మేష్టరు రాజు మీద ఏం చెప్పాడు అన్నాడు. "ఏటి సెప్పినాడో ఆయనకే తెలదు దొరా. ఆ బాస ఆయనకి రాదు. బొమ్మలు సూసి కతలు కట్టినాడు" అంది. నన్ను కాపాడటానికే అంది. అయినా నాకు ఒళ్లు మండింది.

దొర పుస్తకం నా చేతికిచ్చి చదవమన్నాడు. బడి నిండా కళ్లు. తప్పులు చదువు, తప్పులు చదువు అని అందరి కళ్లూ వేడుకుంటున్నాయి. మీ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కోటు గుండీ పెట్టుకున్నాను. పోతే పోనీ ఉద్యోగం, అబద్ధం ఆడను అనుకున్నాను. తలెత్తి నిలబడి, శ్రీకాకుళంలో మా మాస్టారు నేర్పినట్టే ఒక్కొక్క మాటా ఒత్తి ఒత్తి, ప్రాణంపెట్టి చదివాను. మా మాస్టారు కూడా పుస్తకాల్లో చూసి నేర్చుకున్నవాడేలే. తెల్లవాడి నోట ఇంగ్లీషు విన్న పాపాన పోలేదు.

మొదటి వాక్యానికి దొర కనుబొమలు ముడిచాడు. రెండో వాక్యానికి జేబురుమాలు తీశాడు. సగం పేజీకి బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నాడు. "నాకే ఒక్క ముక్క తెలియలేదు, వీళ్లకేం తెలుస్తుంది? ఇతనా రాజుని దించేది?" అని కిరాణిని తిట్టి, బడి నడుపుకోండి అని వెళ్లిపోయాడు.

దొర గడప దాటాడో లేదో, జనం నన్ను ఎత్తేశారు. "ఏం ఏసం కట్టినావు బాబూ! నిజంగా రానోడికి కూడా అలగ రాదు!" అని కూర్మయ్య కావలించుకున్నాడు. ఎర్రమ్మ తన మెడలో దండ తీసి నా మెడలో వేసింది. "బడిని కాసింది మేష్టారే. పట్టాభిషేకం ఈయనకే" అంది. హారతిచ్చారు, పురాణం ముగిసింది.

నీకొక్కడికే చెబుతున్నాను పీటర్. నేను వేషం కట్టలేదు. అది నా అసలు ఇంగ్లీషే. అంతకన్నా బాగా నాకు రాదు. దొర నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. దండ పడ్డాక ఆ ఏడుపు ఆగలేదు. అది ఆనందమనుకుని వాళ్లూ ఏడ్చారు.

మీ బావ
సుందరరాజు

తా.క.: మీ అక్కకి నిజం తెలిసిపోయిందని నా అనుమానం. ఇంటికొచ్చాక పక్కన కూర్చుని, "ఆ పేజీ నాకోసారి చదవండి, నేను నవ్వను" అంది. మొదటినుంచి చివరిదాకా చదివాను. మాట నిలబెట్టుకుంది పీటర్, ఒక్కసారి కూడా నవ్వలేదు. చాలా బాగా చదివారని చెప్పి, వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. నేనూ పిలవలేదు.