పలుపు లేని ఆవు

26 ఫిబ్రవరి 1967, ఆదివారం

ఈవేళ బావని ఓడించాను.

ఆమదాలవలసలోని నా ప్రెస్సులో ఎలక్షన్ పని తెమిలింది కదా అని, వంశధార ఒడ్డున తోడబుట్టిన మా అప్ప చిన్నతల్లి ఉండే ఊరికి వెళ్ళాను. పశువుల సాలలో నల్లావు నిలబడి ఉంది. ఎనిమిది ఈతలు ఈనింది. రెండేళ్ళుగా చూలు కట్టలేదు, గొడ్డుపోయింది, బుధవారం సంతకి తోలేస్తానన్నాడు బావ జగన్నాధం. సంతలో దాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా కూలి అన్నాను. బావ చుట్ట తీసి, చాకిరీ ఏటి బామ్మర్దీ, నాను దాని తల్లిని మేపబట్టే గదా ఇది పుట్టినాది, ఆంబోతు కాడికి తోలబట్టే గదా ఎనిమిది బిడ్డల తల్లయినాది, ఇంత పున్నెం సేసినోడు ఇంకేటి సెయ్యాల సెప్పు అని నవ్వాడు.

లేచి నిలబడ్డాను. పుట్టకముందు ఆ ఆవు ఎక్కడుంది? నీ గుమ్మంలో నిలబడి, బాబూ నన్ను పుట్టించు అని దండం పెట్టిందా? లేనిదానికి ఎవడూ ఉపకారం చెయ్యలేడు. ఉన్నదానికే చెయ్యగలడు. ఉన్నదాన్ని నువ్వు సంతకి తోలుతున్నావు. ఆ ఎనిమిది బిడ్డల్లో ఒక్కటైనా దాని దగ్గర ఉందా? మన కామందులు పాలేర్ల గురించి అనే మాట కూడా ఇదే: వాడికి పెళ్ళి చేశాను, పిల్లల్ని కన్నాడు, అంతా నా చలవే! ఒకటే లాజిక్, ఒకటే దొంగతనం.

బావ చుట్ట ఆరిపోయింది.

27 ఫిబ్రవరి

అప్ప నా గెలుపుని నా నెత్తినే పెట్టింది. ఒరే సూరీ, అంత నోరున్నోడివి నువ్వే తోలుకుపో, సూద్దాం, నీ మాటలు మేసి బతుకుతాదేమో అంది.

తోలుకొచ్చాను. గొడ్డు గడప దాటితే పలుపు మాత్రం ఇవ్వరు. పలుపు పోతే ఇంటి లక్ష్మి పోతుందట. అప్ప దాని మెడలోంచి పలుపు విప్పి దూలానికి వేలాడదీసింది. ఎనిమిది ఈతలు ఈనినదానికి ఒక తాడైనా సొంతం కాలేదు! నా కండువా మెడకి చుట్టి నడిపించాను. ఆమదాలవలస చేరేసరికి దీపాలు పెట్టేశారు.

తాడు కొనను. ప్రెస్సు వెనక దొడ్డికి గోడ ఉంది, గేటు ఉంది. చాలు.

4 మార్చి

పక్కింటి బియ్యం వర్తకుడు నగరేశ్వరరావు వచ్చి చేతులు జోడించాడు. నేను గోభక్తుణ్ణట! ఆయన భార్య భాగ్యవతి కొమ్ములకి పసుపు రాసింది. అది దేవత కాదండీ, రిటైరైన కూలిమనిషి అని అరిచాను. తమరేమన్నా పుణ్యం పుణ్యమే అని తవుడు పంపించాడు.

తవుడు ఉంచుకున్నాను. పుణ్యం తిప్పి పంపాను.

12 మార్చి

పాంఫ్లెట్ కంపోజ్ అవుతోంది. ‘పుట్టించడం ఉపకారమా?’ ఇంత పదునుగా నేనెప్పుడూ రాయలేదు.

19 మార్చి, పగలు

పొద్దుటినుంచి ఒకటే అరుపు. రైతు బిడ్డని, తెలియక కాదు. ఎదకొచ్చింది. గొడ్డుపోయిందని సంతకి తోలబోయిన ఆవు! కంపోజిటర్ సోములు, ఆంబోతు కాడికి తోలీమంటారేటి సార్ అని అడిగాడు. ప్రూఫులు ముందేసుకున్నాను.

తోలితే బావ చేసిన పనే నేనూ చేసినట్టు. గేటు మూసి ఉంచితే బావ కంటే పెద్ద కామందుని.

గేటు తీశాను. తోలలేదు, తీశానంతే. నావైపైనా చూడకుండా స్టేషన్ రోడ్డు పట్టింది. అక్కడ ఒక అచ్చోసిన ఆంబోతు తిరుగుతూ ఉంటుంది.

సాయంత్రం

దానంతటదే తిరిగొచ్చింది. పాంఫ్లెట్‌కి ఒక పేరా కలిపాను: ‘బతకనివ్వడం, కననివ్వడం దానం కాదు. అడ్డు తప్పుకోవడం. తప్పుకున్నవాడికి పుణ్యమేమీ రాదు. అడ్డున్నన్నాళ్ళూ పాపం మాత్రం వస్తుంది.’

నన్ను కాదనేవాడెవడో రమ్మనండి.

27 డిసెంబరు

నల్లావు ఈనింది. పెయ్యదూడ. ఆ పూటకి ప్రెస్సు ఆపేశాను. గర్వంగా ఉంది. ఎందుకో రాయను.

31 డిసెంబరు, ఆదివారం

కబురు అందినట్టుంది, బావ దిగాడు. చేతిలో పాత పలుపు. పలుపు మా ఇంటనే ఉన్నాది, లచ్చిమి ఎక్కడికి పోతాది, తల్లినీ పిల్లనీ తోలుకెల్పోతాను అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నేను గేటు తీయబట్టే కదయ్యా ఈ దూడ పుట్టింది, అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. అది బావ మాట! ఆయన చుట్ట వాసనతో సహా నా నోట్లోకి దూరింది. మింగేశాను. ఇరవయ్యేళ్ళుగా ఊరూరా వాదించాను. ఏ గెలుపూ ఈ మింగుడికి సాటి రాదు.

తాడు లేకుండా పిలు, వస్తే తీసుకుపో అని గేటు బార్లా తీశాను. బావ రోడ్డు మీద నిలబడి, రాయే నల్లీ, రా తల్లీ అని గొంతు పోయేలా పిలిచాడు. అది చెవులు నిక్కించింది. ఆ గొంతు దానికి తెలుసు. కాసేపు అలాగే చూసి, తల తిప్పి దూడని నాకడం మొదలుపెట్టింది.

నీ పాంఫ్లేటు సదివేసినాదేటి ఇది, అన్నాడు బావ. ఇద్దరం నవ్వాం. భోంచేసి బస్సెక్కాడు.

1 జనవరి 1968

బావ పలుపు వదిలి వెళ్ళాడు. మరిచిపోయే మనిషి కాదు.

పాంఫ్లెట్ రెండో ముద్రణ కట్ట దాంతో కట్టాను. బాగా బిగిసింది.