గాలి బయటికే పోతుందని రాశాను

పటేల్‌గూడ

అమ్మకు, పెద్దబిడ్డ శ్రీదివ్య దండం పెట్టి రాసేది. ఇక్కడ నేనూ బాపూ కులాసా. చెల్లె నిషితా, పాపా అక్కడ బాగున్నారని తలుస్తాను. బాపు వంట సంగతి మాత్రం అడగకు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి కూరలో మరిచిపోతాడు.

సోలాపూర్ వచ్చాక దగ్గు తగ్గిందనీ, అక్కడి నీళ్లు పడ్డాయనీ రాశావు. సోమవారం డ్యూటీలో చేరనా అని అడిగావు. చేరకమ్మా. ఎందుకో చెబుదామని ఫోన్ చేసి, రెండుసార్లూ పాప సంగతి అడిగి పెట్టేశాను.

మీ ఫ్యాక్టరీ పౌడర్ రూములో లేచే పొడిని బయటికి లాగే ఫ్యాన్ లెక్క చేసింది నేనే కదా. కంప్యూటర్‌లో గది గీశాక, గాలి ఎక్కడ లోపలికి వస్తుందో, ఎక్కడ బయటికి పోతుందో మనమే చెప్పాలి. ఆ చోటే లెక్కకు హద్దు. దాని అవతల ఏముందో కంప్యూటర్‌కు తెలియదు. నేను ఫ్యాన్ కన్నం దగ్గరే హద్దు గీసేశాను. బయట పది అడుగుల్లో పక్క షెడ్డు గోడ ఉందని వెళ్లి చూడనైనా లేదు.

పోయిన వారం పటాన్‌చెరు వెళ్తే మీతో పనిచేసే వీరలక్ష్మక్క చెప్పింది. "పగటీలి గాలి లేస్తే గా గోడకు తాకి మల్ల లోపలికే కొడ్తది బిడ్డా. మేమెవ్వలం ఫ్యాన్ దిక్కు నిలవడం. మీ అమ్మనే నిలవడ్తది. మా బిడ్డ లెక్కవెట్టి పెట్టించింది, ఏంగాదంటది."

అటునుంచి అటే వెళ్లి ఆ గోడ చూశాను.

తెలియక చేసిన తప్పైతే ఇంత బాధ ఉండేది కాదమ్మా. హద్దు దగ్గర కొంత గాలి వెనక్కి వస్తోందని కంప్యూటర్ పదేపదే హెచ్చరించింది. దసరా ఆయుధపూజకు ఫ్యాన్ తిరగాలన్న తొందరలో, అక్కడ గాలి బయటికే పోవాలని షరతు పెట్టేశాను. హెచ్చరికలు ఆగిపోయాయి. రిపోర్టు మీద సంతకం చేశాను. పూజ నాడు నువ్వు ఆ ఫ్యాన్‌కు కుంకుమ పెట్టి అందరికీ చూపించి మురిసిపోయావు.

మర్నాడే ఇదంతా రాసి మా మేనేజర్ రాజశేఖర్ సార్ చేతికిచ్చాను. "ఎవలూ అడగలేదు గదమ్మా, నువ్వెందుకు తవ్వుకుంటున్నవ్?" అన్నాడు. మీ ఫ్యాక్టరీకి కూడా పంపాను. ఆ గది మూసేశారు. కొత్త లెక్క వేరేవాళ్లకు ఇచ్చారు. ఈసారి ఆ గోడనూ, మధ్యలో ఉన్న ఖాళీ జాగానూ కలిపి గీయమని వాళ్లకు చెప్పి వచ్చాను. నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

నువ్వు ఈ ఉత్తరం అందగానే నిషితను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించుకో. డాక్టరు అడిగితే నన్ను వెనకేసుకు రాకు. మా బిడ్డ లెక్క నమ్మి నాలుగు నెలలు ఆ ఫ్యాన్ పక్కనే నిలబడ్డానని చెప్పు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
శ్రీదివ్య